లైకుల లెక్కకు అందని మెప్పు

1826 జూన్‌లో ఇంగ్లండులో ఒక తండ్రి ఊరెళ్లి వస్తూ కొడుక్కి చెక్క సైనికుల బొమ్మలు ఒక పెట్టెడు తెచ్చాడు. కొడుకు వాటిని అక్కచెల్లెళ్లకు పంచాడు. తర్వాతి కాలంలో నవలా రచయిత్రిగా పేరు తెచ్చుకున్న షార్లెట్ బ్రాంటే, అప్పటికి పదేళ్లది, తన బొమ్మకు డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అని పేరు పెట్టుకుంది. తమ్ముడు బ్రాన్‌వెల్ తన బొమ్మను బోనపార్టే అన్నాడు. ఆ పేర్లున్న సేనానులిద్దరూ ఆ రోజుల్లో ఊరూవాడా చెప్పుకున్న మనుషులే. తర్వాతి సంవత్సరాల్లో ఆ పిల్లలు బొమ్మల చుట్టూ దేశాలు కట్టారు, యుద్ధాలు నడిపారు, పత్రికలు పెట్టారు. పంచదార పొట్లాల కాగితం, గోడలకు అంటించే కాగితం కత్తిరించి, సూదీదారంతో కుట్టి, అరచేతిలో ఇమిడిపోయే పుస్తకాలు చేశారు. బొమ్మ సైనికుడు చేత పట్టుకుని చదువుకోవడానికి సరిపోయే కొలత అది. అచ్చులో ఉన్నట్టు కనబడాలని చీమ తలలంత అక్షరాలతో రాశారు.

పేరున్న మనిషిని తీసుకుని సొంత కథ అల్లడం, చేత్తో వస్తువు తయారుచేయడం, బొమ్మలు గీయడం. ఇవాళ ఫ్యాన్ ఫిక్షన్ అనీ, క్రాఫ్ట్స్ అనీ, ఫ్యాన్ ఆర్ట్ అనీ విడివిడిగా పిలుస్తున్నవన్నీ ఆ చిట్టి పుస్తకాల్లో కలిసే ఉన్నాయి. పాఠకులు మాత్రం నలుగురే. ఎవరు ఏ వాక్యం దగ్గర నవ్వారో, ఎవరు ఎక్కడ అలిగారో రాసినవాళ్లకు కళ్లెదుటే తెలిసిపోయేది.

ఆన్‌లైన్‌లో ఇదే పని చేసేవాళ్ల ఆనందమూ అలసటా అర్థం కావాలంటే ఆ నలుగురి దగ్గర కాసేపు ఆగాలి. కథ రాసి పెట్టినవాళ్లూ, క్రోషే బొమ్మ ఫొటో పెట్టినవాళ్లూ, రాత్రంతా కూర్చుని గీసిన చిత్రం పెట్టినవాళ్లూ ఎదురుచూసేది ఒక్కదాని కోసమే. తాము చేసింది ఎవరికో తగిలిందన్న కబురు కోసం. ఇంటర్నెట్ వాళ్లకు చూసినవాళ్ల సంఖ్యను చెబుతుంది. కబురుకూ సంఖ్యకూ మధ్య ఉన్న తేడాలోనే ఈ వ్యవహారంలోని సంతోషమూ చిరాకూ చాలావరకు ఇమిడి ఉన్నాయి.

ముందు ఒక మాట గురించి. అమెచ్యూర్ అన్న పదానికి మూలం లాటిన్‌లో 'ప్రేమించడం'. దానికి తెలుగులో స్థిరపడిన ఔత్సాహికుడు అన్న మాట ఉత్సాహం నుంచి వచ్చింది. నైపుణ్యం తక్కువని రెండు మాటలూ చెప్పవు. ఆ పని ఎందుకు చేస్తున్నారో మాత్రమే చెబుతాయి. వాడుకలో అర్థం దిగజారి 'ఇంకా చెయ్యి తిరగనివాడు' అనే దగ్గర ఆగింది. ఇరవై ఏళ్లుగా ఎంబ్రాయిడరీ చేస్తున్న మనిషి కూడా దాన్ని అమ్మనంత మాత్రాన 'ఏదో కాలక్షేపానికి' అని తన పనిని తానే తక్కువ చేసి చెప్పుకోవడం ఆ దిగజారుడు ఫలితమే.

ఈ పనుల్లోని మొదటి సంతోషానికి ఎవరి మెప్పూ అక్కర్లేదు. చెయ్యి గీయడం కష్టమని బొమ్మలు వేసే ప్రతివాళ్లకూ తెలుసు. నాలుగు రోజులు చేతులే గీసినవాళ్లకు అయిదో రోజు నుంచి ఎదుటివాళ్ల చేతులు కొత్తగా కనిపిస్తాయి. బొటనవేలు పక్కనుంచి మొలిచినట్టు ఉంటుందనీ, చిటికెన వేలు ఎప్పుడూ కొంచెం విడిగా నిలబడుతుందనీ అంతవరకు చూసీ చూడలేదని తెలుస్తుంది. అభిమాన పాత్ర మీద కథ రాయడానికి కూర్చున్నవాళ్లు ఆ పాత్ర ఎక్కడ మాట మింగేస్తుందో, కోపం వస్తే పొడిపొడిగా మాట్లాడుతుందో అరుస్తుందో వెతుక్కుంటూ మూలకథను పదోసారి చదువుతారు. అంత శ్రద్ధగా చదివే పాఠకులు ఏ రచయితకైనా అరుదు. ఊలు అల్లేవాళ్లకు దుకాణంలో స్వెట్టర్ కనబడితే చెయ్యి తనంతట తాను లోపలి వైపు తిప్పి కుట్టు చూస్తుంది. చేయడం వల్ల చూపు మారిపోతుంది. ఆ మార్పు పని పూర్తయ్యాక కూడా పోదు.

రెండో సంతోషం తోడు. ఇది ఆన్‌లైన్ ఇచ్చిన వరం, దీన్ని చిన్నచూపు చూడకూడదు. ఎడమచేతి వాటం వాళ్లు అల్లిక వీడియోను అద్దంలో బింబంలా తిప్పి పెట్టుకుని నేర్చుకోగలుగుతున్నారు. ఒక్క మెలిక అర్థంకాకపోతే అదే క్షణాన్ని ముప్పైసార్లు వెనక్కి తిప్పుకోవచ్చు. ఎదుటి మనిషి విసుక్కుంటారన్న భయం లేదు. 2007లో మొదలైన రావెల్రీ అల్లికల వెబ్‌సైటులో వేలమంది ఒకే ప్యాటర్న్‌ను, అంటే అల్లికకు రాసిపెట్టిన సూచనలను, పట్టుకుని ఎవరికి వారు అల్లి, ఏ ఊలు వాడారో, ఏ సైజు సూది పట్టారో, చెయ్యి దగ్గర ఎందుకు బిగుసుకుపోయిందో, ఎన్నిసార్లు విప్పి మళ్లీ మొదలుపెట్టారో రాసి పెడతారు. ఒక ప్యాటర్న్ కింద ఇంత నిజాయితీగా పోగుపడిన తప్పుల చిట్టా మరే పుస్తకంలోనూ దొరకదు. ఎంత మంచి గురువైనా తన ఒక్కరి తప్పులే చెప్పగలరు, ఇక్కడ వేలమందివి ఉన్నాయి.

ఫ్యాన్ ఫిక్షన్‌లో ఈ తోడు రాసే పద్ధతినే మార్చేసింది. పాఠకులకు పాత్రలు ముందే తెలుసు కాబట్టి పరిచయాలు అక్కర్లేదు. సరిగ్గా 100 పదాల్లో ముగిసే డ్రాబుల్ అనే ప్రక్రియ ఆ ధైర్యంతోనే నిలబడింది. మూలకథలో రెండు సన్నివేశాల మధ్య ఎవరూ చెప్పని రాత్రి ఒకటుంటుంది. ఆ రాత్రి గురించి మాత్రమే రాయవచ్చు. అది చదివేవాళ్లకు ఆ ఖాళీ ఎక్కడుందో ముందే తెలుసు. తామూ ఎన్నోసార్లు అక్కడ ఆగి ఆలోచించినవాళ్లే. ఒంటరి ఊహ అనుకున్నది మరొకరి ఊహ కూడా అని తెలిసినప్పటి ఊరట మాటల్లో పెట్టడం కష్టం.

ఇక చిరాకుల సంగతి. చేసినవాళ్ల కంటికీ చూసేవాళ్ల కంటికీ మధ్య ఉండే దూరంతో మొదలుపెట్టాలి. కాకి పిల్ల కాకికి ముద్దు అన్న సామెతను 2012లో ప్రచురించిన ఒక అధ్యయనంలో మైకేల్ నార్టన్, డేనియల్ మోకన్, డాన్ ఏరియలీ దాదాపు ప్రయోగం చేసి చూపించారు. ముందెప్పుడూ చేయనివాళ్ల చేత కాగితం కొంగలు, కప్పలు మడతపెట్టించి వాటికి వెలకట్టమన్నారు. చేసినవాళ్లు తమ కొంగకు కట్టిన విలువ, చేయి తిరిగినవాళ్లు చేసిన కొంగలకు బయటివాళ్లు కట్టిన విలువకు దగ్గరగా వచ్చింది. అదే కొత్తవాళ్ల కొంగ బయటివాళ్లకు నలిగిన కాగితంలాగే కనిపించింది. ఇక్కడ అబద్ధం ఎవరూ ఆడలేదు. చేసినవాళ్లు ఆ కాగితంలో తమ శ్రమను కూడా చూస్తున్నారు. బయటివాళ్లకు కనిపించేది కాగితమే.

ఇంట్లో ఈ దూరాన్ని ప్రేమ పూడుస్తుంది. పిల్లవాడు గీసిన వంకర ఏనుగును చూసినప్పుడు వాడు నాలుక బయటపెట్టి గీయడం కూడా పెద్దవాళ్లకు గుర్తుంటుంది. ఆన్‌లైన్‌లో ఫొటో ఒక్కటే వెళుతుంది, దాన్ని చేసిన గంటలు వెంట వెళ్లవు. పైగా అదే తెరమీద దాని పక్కనే ముప్పై ఏళ్ల సాధన ఉన్న కళాకారుల చిత్రం ఉంటుంది. మొదటి నెల గీసిన బొమ్మా ముప్పయ్యో ఏటి బొమ్మా వేలికొసతో జరిగే ఒకే వరుసలో, ఒకే సైజులో కనబడటం కొత్తవాళ్లను కుంగదీస్తుంది. మునుపు కొత్తవాళ్లు తమ వీధిలో గీసేవాళ్లతో పోల్చుకునేవాళ్లు. ఇప్పుడు ప్రపంచంలో బాగా గీసేవాళ్లందరితో ఒకేసారి పోల్చుకోవలసి వస్తోంది.

అంతకన్నా లోతుగా గుచ్చేది మౌనం. దీని వెనక కొంత చరిత్ర ఉంది. 1930లో అమెరికాలో సైన్స్ ఫిక్షన్ అభిమానులు సొంతంగా అచ్చువేసుకునే చిన్న పత్రికలు మొదలుపెట్టారు. 1940లో వాటికి ఫ్యాన్‌జీన్ అన్న పేరు వచ్చింది. చేత్తో తిప్పే నకలు యంత్రాల మీద కొన్ని పదులో కొన్ని వందలో ప్రతులు తీసేవారు. వాటిలో చాలా పత్రికలకు డబ్బు కట్టనక్కర్లేదు. 'మామూలు పద్ధతిలో దొరుకుతుంది' అని ఉండేది. పత్రికకు ఏదైనా రాసివ్వాలి, లేదా తమ పత్రికను బదులుగా పంపాలి, లేదా వచ్చిన సంచికను చదివి అభిప్రాయం ఉత్తరం రాయాలి. అదీ ఆ మామూలు పద్ధతి. అంటే చదివినందుకు చెల్లించే వెల ఒక ఉత్తరం. ఉత్తరం రాయనివాళ్ల పేరు కొన్నాళ్లకు జాబితాలోంచి పోయేది.

వెబ్ ఆ వెలను ఎత్తేసింది. 1998లో కథల సైటు ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్, 1999లో బ్లాగుల సైటు లైవ్‌జర్నల్, 2000లో చిత్రాల సైటు డీవియంట్‌ఆర్ట్ వచ్చాయి. ఎవరైనా, ఎక్కడినుంచైనా, ఏమీ ఇవ్వకుండా, ఏమీ అనకుండా చదివి వెళ్లిపోవచ్చు. ఇది నిజంగా పెద్ద మేలు. పోస్టేజీకి డబ్బులేనివాళ్లు, తమ అభిరుచిని నలుగురిలో చెప్పుకోలేనివాళ్లు ఎందరో దీనివల్లే ఈ లోకంలోకి రాగలిగారు. అయితే ఉత్తరం అనే జవాబు మర్యాదగా మిగిలింది కానీ నియమంగా మిగల్లేదు. యూజర్ల ప్రవర్తనను పరిశీలించే యాకబ్ నీల్సన్ 2006లో ఒక మోటు లెక్క చెప్పాడు. ఆన్‌లైన్ సమూహాల్లో 90 శాతం మంది చూసి ఊరుకుంటారు, 9 శాతం అప్పుడప్పుడూ ఏదో అంటారు, 1 శాతం మంది చేతులమీదుగానే చాలావరకు నడుస్తుంది. అన్నిచోట్లా ఇదే నిష్పత్తి అని కాదు, ధోరణి మాత్రం చాలామంది ఎరిగినదే.

దీన్ని రాసేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇలా ఉంటుంది. కథ కింద చూపులు వెయ్యి, ఇష్టాలు నలభై, మాటలు రెండు. వెయ్యిమంది వచ్చి తొమ్మిదివందల అరవైమంది ముఖం తిప్పుకుని వెళ్లారని మనసు చదువుకుంటుంది. ఆ చదువుకోవడంలో తప్పుంది. చూపుల్లో ఒకే మనిషి అయిదుసార్లు తెరిచినవీ ఉంటాయి, పొరపాటున నొక్కినవీ ఉంటాయి, అర్ధరాత్రి చదివి కంటతడి పెట్టుకుని ఫోను పక్కన పెట్టేసినవాళ్లవీ ఉంటాయి. ఫ్యాన్‌జీన్ కాలంలోనూ ఒక ప్రతి పదిచేతులు మారేది. ఆ పదిమందిలో ఉత్తరం రాసింది ఒకరే. మిగతా తొమ్మిదిమంది ఉన్నారన్న సంగతే రచయితకు తెలిసేది కాదు కాబట్టి బాధ ఉండేది కాదు. మాట్లాడేవాళ్లు తగ్గిపోయారని చెప్పలేం. ఊరకుండే పాఠకులు మాత్రం మొట్టమొదటిసారి ఒక అంకె రూపంలో రచయిత కళ్లెదుటకు వచ్చారు.

పాఠకుల వైపున్న మొహమాటం కూడా నిజమే. బాగుందని రాస్తే మరీ చప్పగా ఉంటుందేమో, విడమరచి రాయడానికి తనకు అంత తెలుసా, నాలుగేళ్ల నాటి కథ కింద ఇప్పుడు రాస్తే వింతగా అనుకుంటారేమో అన్న సంకోచాలతో చాలామంది రాయకుండా ఆగిపోతారు. రాసేవాళ్లను అడిగితే నాలుగేళ్ల తర్వాత వచ్చిన మాటే ఎక్కువ సంతోషపెట్టిందంటారు. ఏ వాక్యం నచ్చిందో ఆ వాక్యాన్నే ఎత్తి చూపి, ఇక్కడ ఆగిపోయాను అని రాసిన ఒక్క ముక్క చాలు. దానికి సాహిత్య విమర్శ తెలియనక్కర్లేదు.

మాట వచ్చినా చిరాకు తప్పని సందర్భాలు రెండున్నాయి. ఒకటి, 'తర్వాతి భాగం ఎప్పుడు?' అని మాత్రమే అడగటం. అడిగినవాళ్ల మనసులో ఉన్నది ఆత్రం, అది ఒకరకంగా మెప్పే. పగలంతా వేరే పని చేసుకుని రాత్రి రెండు గంటలు కూడబలుక్కుని ఎనిమిదివేల పదాల అధ్యాయం రాసి పెట్టినవాళ్లకు మాత్రం అది అప్పిచ్చినవాళ్ల పిలుపులా వినబడుతుంది. రెండోది అడగని సలహా. దీనిమీద ఈ సమూహాల్లో ఏళ్లుగా వాదన నడుస్తోంది. తప్పులు చెప్పకపోతే ఎదుగుదల ఎలా అని ఒక వర్గం, కానుకకు వంకలు పెట్టకూడదని మరో వర్గం. రెండో వర్గం మాటే సబబు. నేర్చుకోవాలనుకున్నవాళ్లు సాధారణంగా నోరు తెరిచి అడుగుతారు. కథ బయటపెట్టే ముందు చదివి తప్పులు చెప్పే బీటా రీడర్ అనే స్నేహితులు ఉన్నది అందుకే. అల్లేవాళ్లయితే ముక్క ఫొటో పెట్టి ఇక్కడ కుట్టు ఎందుకు మెలిపడిందని అడుగుతారు. పూర్తిచేసి, ఇస్త్రీ చేసి, ఫ్రేము కట్టించి చూపించినవాళ్లకు మూడో వరుసలో ఒక కుట్టు తప్పిందని చెప్పడం వల్ల ఆ కుట్టు సరికాదు. తర్వాతిసారి చూపించాలన్న కోరిక మాత్రం తగ్గుతుంది.

సంఖ్య ఇంకో విధంగానూ పనిచేస్తుంది. అది చేసే పనిలోకే చొరబడుతుంది. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ బొమ్మలు వేయడమంటే ఇష్టపడే నర్సరీ బడి పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. కొందరికి బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న యోగ్యతాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత బడిలో ఎవరిష్టం వారిదన్న సమయంలో చూస్తే, బహుమతి ఆశచూపిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే సగం సేపే బొమ్మలు వేశారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్లలో ఆ తగ్గుదల లేదు. పిల్లల బడిలో తేలినదాన్ని పెద్దవాళ్ల ఆన్‌లైన్ జీవితానికి ఉన్నపళంగా అంటగట్టకూడదు. అయినా ఆ తేడాను గమనించి తీరాలి. ఎక్కడో ఒకరు హఠాత్తుగా రాసిన మెచ్చుకోలు ఉత్తరం అనుకోని బహుమతి. లైకులు అలాంటివి కావు, ప్రతి చిత్రం కిందా వాటికి ముందే గడి గీసి ఉంటుంది. చిత్రం పూర్తవకముందే ఆ గడిలో ఎంత పడుతుందోనన్న ఆలోచన మొదలవుతుంది. మెల్లగా, గీయాలనిపించినదాని స్థానంలోకి ఆదరణ దొరికేది వచ్చి కూర్చుంటుంది.

ఆ ఆదరణకు గేటు దగ్గర కాపలా ఉండేది అల్గారిథం. ఇన్‌స్టాగ్రామ్ 2016లో కాలక్రమాన్ని వదిలేసి తన లెక్క ప్రకారం ఫొటోలు చూపించడం మొదలుపెట్టింది. 2021లో తాము ఇక ఫొటోలు పంచుకునే యాప్ మాత్రమే కాదని ఆ సంస్థ అధిపతే ప్రకటించి వీడియోల వైపు జరిగాడు. అక్కడ ఏళ్లుగా చిత్రాలు పెట్టుకుంటూ ఒక చిన్న చూపరుల గుంపును కూడగట్టుకున్నవాళ్లకు ఆ గుంపు ఉన్నట్టే ఉండి చేతికందకుండా పోయింది. నీటిరంగులు వేసేవాళ్లు ఇప్పుడు కెమెరా స్టాండు, వెలుతురు, ఎడిటింగ్ కూడా నేర్చుకోవాలి. నలభై గంటల పనిని ముప్పై సెకన్లకు కుదించాలి. నెమ్మదిగా సాగే పనికి ఇది అన్యాయమే. ఒక పెద్ద దుప్పటి అల్లడానికి ఏడాది పడుతుంది, వారానికి మూడుసార్లు కొత్తది చూపించమంటే ఆ అల్లిక దగ్గర చూపించడానికి ఏముంటుంది?

గంటల మాట వచ్చింది కాబట్టి ఒక లెక్క వేసి చూడవచ్చు. గళ్ల గుడ్డమీద ఇంటూ గుర్తుల్లా కుట్టే క్రాస్ స్టిచ్‌కు ఎక్కువగా వాడే గుడ్డలో అంగుళానికి 14 గళ్లుంటాయి. పది అంగుళాల చదరపు బొమ్మను ఖాళీ లేకుండా నింపాలంటే 140ని 140తో హెచ్చించాలి. మొత్తం 19,600 కుట్లు. గంటకు 120 కుట్లు పడతాయనుకుంటే 163 గంటలు. దారం రంగులు మార్చుకోవడం, తప్పు కుట్లు విప్పడం ఇందులో లేవు. రోజుకు ఎనిమిది గంటల ఉద్యోగం లెక్కన ఇరవై రోజుల పని. ఆ ఫొటో చూసి ప్రేమగా అనే మాట ఒకటుంది. 'ఇంత బాగా చేస్తున్నారు, అమ్మొచ్చు కదా!'

ఈ మాట అన్నవాళ్లను తప్పుపట్టలేం. మన కాలంలో ఒక వస్తువుకు ఇవ్వగలిగిన పెద్ద గౌరవం దానికి ధర కట్టడమే అన్నట్టు అందరం అలవాటు పడ్డాం. కానీ 163 గంటలకు ఏ కనీస వేతనం కట్టినా వచ్చే ధరకు కొనేవాళ్లు ఉండరు, కొనేవాళ్లు ఇవ్వగల ధరకు ఆ గంటలు గిట్టవు. మరమగ్గం మీదా ఫ్యాక్టరీలోనూ తయారైన వస్తువు ధర ఆ కొనేవాళ్ల తలలో ముందే స్థిరపడిపోయి ఉంటుంది. అమ్మకానికి దిగినవాళ్లు కుట్లు తగ్గిస్తారు, డిజైను చిన్నది చేస్తారు, అమ్ముడుపోయిన బొమ్మనే ముప్పైసార్లు చేస్తారు. ఇష్టంగా మొదలుపెట్టిన పని ముప్పయ్యోసారికి ఎలా ఉంటుందో ఊహించవచ్చు.

చేతివస్తువుల సంత కోసమే పుట్టిన సైటు కథ కూడా ఇదే దారిలో నడిచింది. 2005లో మొదలైన ఎట్సీలో అమ్మకందారులు తాము చేసినవే అమ్మాలన్నది మొదటి నియమం. 2013లో ఆ నిర్వచనాన్ని సడలించి, అనుమతి తీసుకుని బయటి తయారీదారులతో చేయించుకోవచ్చన్నారు. 2022 ఏప్రిల్‌లో అమ్మకంపై రుసుమును 5 శాతం నుంచి 6.5 శాతానికి పెంచినప్పుడు వేలమంది అమ్మకందారులు వారంపాటు సమ్మెకు దిగారు. చేతిపనికి విలువ కట్టే చోటు కావాలన్న కోరిక న్యాయమైనదే. పెద్ద వ్యాపారంగా పెరిగిన చోటు మాత్రం చేతివేగంతో నడవలేదు. అమ్మకంతో బతుకుతున్నవాళ్లను తక్కువ చేయడం ఇక్కడ ఉద్దేశం కాదు. వద్దనుకున్నవాళ్లకు వద్దనే హక్కు ఉండాలి, అమ్మకపోవడాన్ని చేతకానితనంగా చూడకూడదు.

ఫ్యాన్ ఫిక్షన్ విషయంలో ఈ 'అమ్మకపోవడం' ఎప్పటినుంచో ఒక కట్టుబాటు. పాత్రలు వేరొకరివి కాబట్టి డబ్బు తీసుకోకూడదన్న జాగ్రత్త కొంత, కానుకగా ఇచ్చినదానికి వెల ఏమిటన్న అభిమానం కొంత. అన్నిచోట్లా ఇలా లేదు. జపాన్‌లో 1975 డిసెంబరులో 32 బృందాలతో, సుమారు 700 మందితో మొదలైన కామికెట్ సంతలో అభిమానులు సొంతంగా అచ్చువేసిన కామిక్స్‌ను బహిరంగంగానే అమ్ముకుంటారు, హక్కుదారులు చాలావరకు చూసీ చూడనట్టు ఊరుకుంటారు. ఆ సంతకు ఇప్పుడు లక్షల మంది వస్తారు. ఏ పద్ధతి మేలన్నది ఆ సమూహం తేల్చుకోవాల్సిన విషయం.

దొంగతనం గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. సంతకం కత్తిరించి చిత్రాన్ని తమ పేరుతో పెట్టుకునేవాళ్లు ఉన్నారు, టీషర్టులమీద అచ్చువేసి అమ్మే ముఠాలు ఉన్నాయి. కొన్ని దుకాణాలు మనుషులు కూడా అక్కర్లేకుండా ప్రోగ్రాములతో ఈ పని చేయిస్తున్నాయి. ట్విట్టర్‌లో ఏదైనా చిత్రం కింద 'ఇది టీషర్టు మీద కావాలి' అని ఎవరైనా అంటే చాలు, ఆ చిత్రం అమ్మకానికి వచ్చేసేది. 2019 డిసెంబరులో కళాకారులు ఈ సంగతి పసిగట్టి, 'ఈ దుకాణం దొంగ బొమ్మలు అమ్ముతుంది' అన్న అర్థం వచ్చే చిత్రాలు గీసి, వాటికింద కావాలనే ఆ మాట రాయించారు. ఆ దుకాణాలు వాటిని కూడా యథాతథంగా అమ్మకానికి పెట్టాయి.

2022 ఆగస్టులో మాటల్లో చెబితే బొమ్మ తయారుచేసే స్టేబుల్ డిఫ్యూజన్ అనే ఏఐ మోడల్ విడుదలయ్యాక దెబ్బ ఇంకోచోట తగిలింది. అలాంటి మోడళ్లకు మేతగా వాడిన లాయన్ సముదాయంలో 585 కోట్ల బొమ్మ-మాట జంటలు ఉన్నాయి. వాటిలో ఔత్సాహికులు ఇష్టంతో పెట్టుకున్న చిత్రాలు ఎన్నో. ఆ డిసెంబరులో చిత్రాలు ప్రదర్శించుకునే ఆర్ట్‌స్టేషన్ సైటులో కళాకారులు తమ చిత్రాల స్థానంలో ఏఐ వద్దు అన్న గుర్తు పెట్టి నిరసన తెలిపారు. 2023లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు చిత్రాల శైలిని మోడళ్లు పట్టుకోకుండా అడ్డుకునే గ్లేజ్ అనే సాధనం ఇచ్చారు. జీవనోపాధి సంగతి వృత్తి కళాకారులది. ఔత్సాహికులకు ఎక్కువగా పోయింది నమ్మకం. వంకరగా వచ్చిన వేలు ఒకప్పుడు 'ఇంకా నేర్చుకుంటున్నారు' అని చెప్పేది, ఇప్పుడు 'ఇది యంత్రం గీసిందా?' అన్న అనుమానానికి తావిస్తోంది. చేతిపనుల్లో మోసం మరింత తిన్నగా తగులుతుంది. క్రోషేలో బంతి చేయాలంటే ఆరు కుట్లతో మొదలుపెట్టి ప్రతి చుట్టుకూ ఆరు పెంచుకుంటూ పోతారు. 6, 12, 18, 24. ఒక్క చుట్టులో లెక్క తప్పితే ఆకారం ఒక పక్కకు ఒరిగిపోతుంది. అందమైన ఏఐ బొమ్మ పెట్టి, యంత్రం రాసిన ప్యాటర్న్‌ను అమ్ముతుంటే డబ్బు కట్టి కొన్న కొత్తవాళ్లు రాత్రంతా అల్లి, బొమ్మ రాకపోతే తమ చేతిదే తప్పనుకుంటారు. అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. నేర్చుకోవాలన్న మనిషి ధైర్యాన్ని అది దొంగిలిస్తోంది.

పైగా ఇల్లు ఎప్పుడు కూలుతుందో తెలియదు. ఫ్యాన్‌ఫిక్షన్ డాట్ నెట్ 2002లో పెద్దలకు మాత్రమే అన్న కథలను తీసేసింది. లైవ్‌జర్నల్ 2007 మేలో వందల ఖాతాలను ఒక్కసారిగా మూసేసింది, వాటిలో అభిమాన రచయితలవీ ఉన్నాయి. 2009 అక్టోబరులో జియోసిటీస్ మూతపడి, చేత్తో కట్టుకున్న లెక్కలేనన్ని వెబ్ పేజీలు పోయాయి. 2018 డిసెంబరులో బ్లాగుల సైటు టంబ్లర్ నియమాలు మార్చినప్పుడు ఎన్నో కళా ఖాతాలు చెదిరిపోయాయి. ప్రతిసారీ పోయింది ఫైళ్లే అయితే కొంత నయం. వాటికింద ఏళ్లతరబడి పేరుకున్న మాటలు, ఒకరినొకరు కనుక్కున్న దారులు కూడా పోయాయి.

ఈ అనుభవం నుంచే 2007లో కొందరు అభిమానులు సర్వర్లు తమవే కావాలని పట్టుబట్టి ఒక లాభాపేక్షలేని సంస్థ పెట్టారు. 2009 నవంబరులో అందరికీ తెరిచిన అభిమాన రచనల సైటు ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్ ఆ పట్టుదలకు ఫలం. చందాలతో, వలంటీర్లతో నడుస్తూ నేడు కోటికి పైగా రచనలను దాచుకుంది, 2019లో సైన్స్ ఫిక్షన్ రంగంలో పేరున్న హ్యూగో అవార్డు అందుకుంది. దాని కట్టడి గమనించదగ్గది. ప్రకటనలు లేవు. ఎవరికి ఏది చూపాలో నిర్ణయించే అల్గారిథం లేదు, తాజాగా వచ్చింది పైన ఉంటుంది. నచ్చలేదని నొక్కే బొత్తాము లేదు. నచ్చిందని చెప్పే కుడోస్ ఒక పాఠకుడు ఒక రచనకు ఒక్కసారే ఇవ్వగలడు. సంఖ్య అక్కడా ఉంది, దాని బరువు మాత్రం తగ్గించారు.

ఆ సమూహాల్లో 2003 నుంచి యూల్‌టైడ్ అనే ఏటేటి కానుకల పంపకం జరుగుతోంది. ఎవరూ పెద్దగా రాయని మూలకథల మీద, కనీసం వెయ్యి పదాల కథ, పేరు తెలిసిన ఒక్క మనిషి కోసం రాస్తారు. ఆ ఒక్కరు ఏం కోరుకుంటున్నారో ముందే రాసిచ్చి ఉంటారు. లోకమంతా చదవచ్చు, కానీ రాసింది ఒకరికి. ఒక్క పాఠకుడు ఖాయంగా ఉన్నాడన్న ధీమాతో రాసే కథలో కనబడే తేలికదనం, వెయ్యిమంది కోసం రాసినదానిలో అరుదు. బొమ్మ సైనికుల పుస్తకాలు కుట్టిన పిల్లలకు దొరికినది ఇదే. చిన్న చిన్న గుంపులుగా చేరి ఒకరి ప్యాటర్న్ ఒకరు అల్లి చూసేవాళ్లకూ, నెలకొకసారి ఒకే అంశం మీద గీసి పది మందికే చూపించుకునేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. పెద్ద వేదికలను వదలకుండానే అంకెలు కనబడకుండా దాచేసుకునే సదుపాయాన్ని కొందరు వాడుకుంటున్నారు. మంచి పని.

అయినా కొందరు వెళ్లిపోతారు. ఉద్యోగం మారుతుంది, ఇష్టం చల్లారుతుంది, పాత కథ చూస్తే సిగ్గేస్తుంది, లేదా ఆ పేరుతో ఉండటమే ఇబ్బంది అవుతుంది. ఆ ఆర్కైవ్‌లో వాళ్ల కోసం ఒక సదుపాయం పెట్టారు. కథను చెరిపేయకుండా, దానిమీద నుంచి తమ పేరు మాత్రం శాశ్వతంగా తీసేసుకోవచ్చు. కథ అనాథ అన్న ఉమ్మడి ఖాతా కిందకు వెళుతుంది. మళ్లీ కావాలన్నా తిరిగిరాదు. అలాంటి కథలకింద పాఠకులు ఇప్పటికీ రాస్తుంటారు. ఏ వాక్యం దగ్గర ఆగారో, ఎన్నోసారి చదువుతున్నారో చెబుతారు. ఆ మాట రచయిత ఇన్‌బాక్సుకు చేరదు, పైన ఉన్న ఖాతా పేరు చూస్తేనే ఆ సంగతి తెలుస్తుంది. తెలిసి కూడా రాస్తారు.